గీత క్రింది ఊళ్లు

ద్రాక్షారామ భీమేశ్వరుని దర్శింపవచ్చు యాత్రికులలో ఆలయపు గోడలమీది, స్తంభములమీది వ్రాతలను నిలిచి చూచువారు తక్కువ. చూచినను చదువగలవారు మరియు తక్కువ. సప్తగోదావరములో కాళ్లు కడిగికొని, మేడమెట్లెక్కి, అంతెత్తు లింగమునకు నమస్కరించి బయటపడుదుము. ఆ రాళ్లు వందల ఏండ్లుగా చెప్పుచున్నది దేవుని మాట మాత్రమే కాదు, నేల మాట కూడ. ఎవరు ఏ పొలము నిచ్చిరి, అఖండదీపమునకై ఎవరు గొఱ్ఱెల మందను విడిచిరి, ఆ దీపము ఆరిపోకుండ చూతుమని ఎవరు పూటపడిరి అను లెక్క లవి.

ఈ సీమ నేలిన తూర్పు చాళుక్యుల రాగిరేకులను చూచినచో మరియొక విశేషము కనబడును. రాజు ఒక గ్రామమును దానము చేయునపుడు అచ్చటి కుటుంబులను, అనగా కాపురముండి సేద్యము చేసికొను గృహస్థులను, ఉద్దేశించి ఈ సంగతి తెలియజేయుచున్నానని చెప్పును. పిమ్మట ఎల్లలు వచ్చును. శాసనము సంస్కృతములో నడచుచున్నను ఎల్లల దగ్గరకు వచ్చుసరికి పలుచోట్ల తెలుగు మాటలు తొంగిచూచును. తూర్పున చెఱువు, ఆగ్నేయమున పుట్ట, దక్షిణమున చింత, మూడూళ్ల పొలిమేరలు కలియు తావు. రాజుగారికి ఆ చింతచెట్టు తెలిసియుండదు. తెలిసినవా డెవడో చెప్పగా లేఖకుడు వ్రాసికొనియుండును.

అది అనుమతి అడుగుట కాదు, ఆజ్ఞయే. ఆ కాలమును బంగారు కాలమని పొగడుటకు ఈ మాట ఎత్తలేదు. నేలమీద గీత గీయవలసివచ్చినపుడు ఆ నేలమీద నున్నవారిని పిలిచి చెప్పవలెనను మర్యాద యొకటి ఉండెడిదని జ్ఞప్తి చేయుటకే ఎత్తితిని. ఎందుకనగా నేను చెప్పబోవు కథ మన గోదావరికి బహుదూరమున, పసిఫిక్ మహాసముద్రపు టొడ్డున నడచినది. అక్కడ గీత గీచినవారికి చెట్టూ పుట్టా తెలియవు. తెలిసినవారిని వారు పిలువనులేదు. పిలువని పేరంటమునకు జనమే వచ్చిరి.

1956వ సంవత్సరము మనకు ఆంధ్రప్రదేశావతరణ సంవత్సరము. అదే యేడు జూన్ నెలలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక రహదారి చట్టముపై సంతకము చేసెను. దేశమంతటను 41,000 మైళ్ల పొడవున మహామార్గములు వేయవలెనని సంకల్పము. వ్యయమున నూటికి తొంబది పాళ్లు కేంద్రప్రభుత్వమే భరించును. పది రూపాయల పనికి ఒక్క రూపాయి పెట్టుకొనిన చాలుననగా వలదను రాష్ట్ర మేది యుండును? ఇంజనీర్ల బల్లలమీద పటములు పరచుకొన్నవి, వానిమీద గీతలు పడినవి.

ఇక్కడ ఫ్రీవే అను మాటను కొంచెము విప్పి చెప్పవలెను. సుంకము లేని బాట గనుక ఆ పేరు వచ్చినదని పలువు రనుకొందురు. దాని అసలు లక్షణము వేరు. దానికి కూడలి లేదు. దానిమీద నడచువాడు గాని, సైకిలువాడు గాని పోరాదు. తోచినచోట ఎక్కరాదు, దిగరాదు. అడ్డముగా దాటరాదు. ఊరి వెలుపల పొలములలో ఇది వేగమునకు తగిన ఏర్పాటే, కాదనను. ఊరి నడుమకు వచ్చునప్పటికి ఇది గోడ. ఈ ప్రక్క బడి, ఆ ప్రక్క పిల్లవాడు. ఈ ప్రక్క కొట్టు, ఆ ప్రక్క బేరము.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరము మూడువైపుల నీరు చుట్టిన భూశిరము. ఇంచుమించు ఏడు మైళ్ల పొడవు, ఏడు మైళ్ల వెడల్పు. నిండ గుట్టలు, గుట్టలమీద వరుసలుగా కొయ్యయిండ్లు. ఇంత చిన్న తావుమీద 1951 నాటి ప్రణాళిక ఫ్రీవేల వల పరచినది. కొన్ని ఏండ్లు ఆ వల కార్యాలయములలోనే ఉండెను. 1950ల నడుమ ఆ గీతలు పత్రికలలో పటములుగా వెలువడగానే సంసారులు తమ వీధి యెక్కడనున్నదా యని వెదకికొనిరి. గీత తమ నట్టింటినుండి పోవుచున్నట్లు కొందరికి అట్లు తెలిసినది.

వీరు విప్లవకారులు కారు. గృహిణులు, చిల్లరదుకాణముల వారు, అప్పుచేసి యిల్లు కొనుక్కొన్న ఉద్యోగులు. సభలు పెట్టిరి, సంతకములు సేకరించిరి, నగరసభకు గుంపులుగా పోయి కూర్చుండిరి. పత్రికలవారు దీనికి ఫ్రీవే తిరుగుబాటు అని పేరుపెట్టిరి. తుపాకి లేని తిరుగుబాటు; పాదయాత్రలను, విన్నపములను ఎరిగిన మనకు ఇది క్రొత్త కాదు గాని, ఫ్రీవే అనగా అభ్యుదయమే అని నమ్మిన ఆనాటి అమెరికాకు ఇది వింత. 1959 జనవరిలో నగరపు సూపర్‌వైజర్ల సభ, మన పురపాలక సంఘము వంటిది, తలపెట్టిన పది ఫ్రీవేలలో ఏడింటిని వలదని తీర్మానించెను.

ఇంజనీర్లు దుర్మార్గులని నేననను. వారు కార్లను లెక్కించిరి. ఇన్ని కార్లు పోవుటకు ఇంత వెడల్పు కావలెనని లెక్కవేసిరి. తక్కువ ఖర్చుతో పోవు త్రోవ ఏదని వెదకిరి. చిక్కంతయు ఆ వెదకుటలోనే ఉన్నది. ఊరిలో నేల ఎక్కడ చౌక? ఉద్యానవనమునకు సొంతదారుడు లేడు గనుక అక్కడ చౌక. పాత రేవులు సందడి తగ్గియున్నవి గనుక సముద్రపుటొడ్డున చౌక. బీదవాని పేటలో ఇండ్లకు వెలలేదు గనుక అక్కడ చౌక. కావున గీత ఎప్పుడును తోటకు, నీటియొడ్డునకు, పేదపేటకు పోవును. ఎవడును పగబట్టి గీయనక్కరలేదు, లెక్కయే అటు లాగికొనిపోవును.

తీర్మానము జరుగునప్పటికే ఒక గీత మాత్రము సిమెంటుగా మారిపోయెను. అది ఎంబర్కడెరో ఫ్రీవే. శాన్‌ఫ్రాన్సిస్కో రేవున 1898 నాటి ఫెర్రీ భవన మున్నది. 1930లలో పెద్ద వంతెనలు పడకమునుపు అఖాతమున కావలి ఊళ్లవారు పడవలలో వచ్చి దిగెడిచోటు అది. దాని గడియారపు గోపురము ఎత్తు 245 అడుగులు. ఆ భవనమునకు, ఊరికి నడుమ రెండంతస్తుల సిమెంటు బాట లేచెను. మన కోటిపల్లి రేవులో మెట్లు దిగబోవువానికి ఎదురుగా, గోదావరి కనబడకుండ, పొడుగునా రెండంతస్తుల కట్టడము నిలిచినదనుకొనుడు. క్రింద చీకటి, పైన రొద. దానిని చూచిన పిమ్మట తక్కిన గీతలనుగూర్చి జనమునకు ఉపన్యాసము లక్కరలేకపోయినవి.

ప్రభుత్వము ఊరకుండలేదు. తొంబది పాళ్ల సొమ్ము పోవునని హెచ్చరించుచు వచ్చినది. 1964లో గోల్డెన్‌గేట్ పార్కునకు తోకవలె నుండు పాన్‌హాండిల్ అను చెట్లతోపు మీదుగా మరల గీత వచ్చినది. ఆ పార్కులో మిక్కిలి పాతచెట్లు ఆ తోపులోనే యున్నవి. ఆ యేడు మే నెలలో పార్కు మైదానమున పెద్దసభ జరిగెను. జానపద గాయని మాల్వినా రేనాల్డ్స్ పాడెను, కవి కెన్నెత్ రెక్స్‌రాత్ మాటలాడెను. అక్టోబరులో నగరసభ ఓట్లు లెక్కింపగా ఆరుగురు వలదనిరి, అయిదుగురు కావలెననిరి. 1966 మార్చిలో మరల అదే ప్రశ్న వచ్చినది, మరల ఆరు, అయిదు. ఒక్క ఓటు అటు పడియున్నచో తోపు లేదు. ఇట్టి విజయములను తరువాత తలచుకొనునపుడు ఊరంతయు ఒక్కమాటమీద నిలిచినట్లు చెప్పుకొందుము, నిలువలేదు. సగము ఊరు కావలెననియే అనెను.

ఆ పోరాటమున ఆరితేరిన వారిలో హైట్-ఆష్‌బరీ పేట గృహిణి స్యూ బీర్మన్ ఒకతె. పొరుగువారితో కలిసి ఈ గొడవలోనికి దిగిన ఆమె తరువాత నగరప్రణాళికా సంఘ సభ్యురాలై, 1990లలో సూపర్‌వైజరు కూడ అయ్యెను. ఆమె పేరు మరల వచ్చును.

ఇంతవరకు ఇది గెలిచినవారి కథ. అఖాతమున కావలి యొడ్డున ఓక్లండ్ అను నగరమున్నది. దాని పడమటిభాగము నల్లజాతివారి పేట. రైల్వేలో, రేవులో పనిచేయు కూలీలు, చిన్న ఉద్యోగులు అక్కడ కాపురముండిరి. ఆ పేట నడిబొడ్డున సైప్రస్ వీధి మీదుగా రెండంతస్తుల ఫ్రీవే 1957లో తెరువబడెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో సంతకముల సేకరణ సాగుచున్న రోజులే అవి. ఓక్లండ్‌లోని ఆ యింటివారికి నగరసభలో పలుకుబడి లేదు, పత్రికలో చోటు లేదు. ఇండ్లు పడిపోయినవి, పేట రెండు ముక్కలైనది. ఒకే నీటి కిరుప్రక్కల, ఒకే కాలమున, ఒకే విధమైన గీత. ఒక యొడ్డున అది తిరుగుబాటు. రెండవ యొడ్డున అది జరిగిపోయిన పని.

న్యూఆర్లియన్స్ నగరములోను ఇట్టి జోడు కనబడును. అచ్చట ఫ్రెంచి పేట అను పురాతన భాగమును నదియొడ్డున ఒరసికొని పోవలసిన ఫ్రీవేను చరిత్రాభిమానులు ఏండ్ల తరబడి ఎదిరింపగా 1969లో కేంద్రప్రభుత్వము రద్దుచేసినది. అక్కడికి దాపుననే క్లైబోర్న్ వీధిలో నల్లజాతివారు పండుగ ఊరేగింపులు జరుపుకొను ఓక్ చెట్ల వరుసలను 1966లో నరకివేసి ఎత్తుబాట కట్టిరి. పాత గోడలకు రక్షకులు దొరకిరి. చెట్లనీడకు దొరకలేదు.

1989 అక్టోబరు 17వ తేదీ సాయంకాలము 5 గంటల 4 నిమిషములకు ఆ ప్రాంతమున భూమి కంపించినది. తీవ్రత 6.9. కుదుపు పదునైదు సెకండ్లకు మించలేదు. ఓక్లండ్‌లో సైప్రస్ ఫ్రీవే పైయంతస్తు క్రిందియంతస్తు మీద కూలినది. ఆ భూకంపమున మరణించిన 63 మందిలో 42 మంది ఆ ఒక్క కట్టడముననే పోయిరి. ఆ సాయంకాలము పెద్ద బేస్‌బాల్ పందెముండుటచేత బాటమీద బండ్లు తక్కువ, లేనిచో ఇంకెందరో. నిచ్చెనలు, త్రాళ్లు తీసికొని మొదట ఆ శిథిలములమీది కెక్కినవారు ఎవరనగా, ఆ పేటవారు, ప్రక్క కర్మాగారముల కూలీలు. తమ వీధి నడుమ తమ్ము నడుగక కట్టిన బాటమీదినుండి పరులను ప్రాణములతో దింపుకొని వచ్చినవారు వారే. ఈ కథలో నాకు ఎప్పుడు చదివినను కన్ను చెమర్చుచోటు ఇది.

ఆ గీతమీదనే మరల కట్టుదుమని రహదారి శాఖవారు రాగా ఆ పేట ఈసారి ఒప్పుకొనలేదు. వాదించి, పట్టుబట్టి, బాటను పేట వెలుపలికి, రైలుపట్టాల వైపునకు మరలించిరి. నూరు కోట్ల డాలర్లకు పైగా వ్యయమైనది. 1997లో క్రొత్త బాట తెరచిరి. పాత ఫ్రీవే నిలిచిన వీధి ఇప్పుడు నడుమ చెట్లున్న విశాలమైన బాట. దానికి నెల్సన్ మండేలా పేరుపెట్టిరి.

ఇక శాన్‌ఫ్రాన్సిస్కోలోని రేవు గోడ సంగతి. దానిని పడగొట్టుదుమా యని 1986లో ఓటర్లనే అడిగిరి. ఆశ్చర్యమేమనగా జనము వలదనిరి! ముప్పది ఏండ్లలో మనిషి గోడకు సైతము అలవాటు పడును. భూకంపమున ఆ కట్టడము బీటలువారి మూతబడిన తరువాత మేయరు ఆర్ట్ ఆగ్నోస్ తీసివేయుదమనగా, చైనాపేట వర్తకులు తీవ్రముగ ఎదిరించిరి. బేరగాండ్రు ఆ బాటవెంటనే తమ పేటకు వత్తురు, అది పోయిన తమ వ్యాపారము పోవునని వారి భయము. అది పేరాస కాదు, పొట్టకూటి భయము. దానిని తేలికగా తీసివేయు చరిత్రకారులతో నాకు పేచీ యున్నది. ఎదిరించువా డెప్పుడును గీతకు ఆవలనే యుండడు. ఒకప్పుడు గీతనే కావలించుకొని కూర్చుండును. నగరసభ స్వల్పాధిక్యముతో తీర్మానించినది. 1991 ఫిబ్రవరిలో పడగొట్టుట మొదలైనది. ఆ సంవత్సరాంతపు ఎన్నికలో ఆగ్నోస్ ఓడిపోయెను. ఇప్పుడు అక్కడ తాళజాతి చెట్లనడుమ ట్రాములు నడచుచున్నవి, ఫెర్రీ భవనము ఊరికి తిరిగి కనబడుచున్నది. ఎక్కుబాటలు దిగుబాటలు ఉండినచోట పచ్చికబయలు ఏర్పడినది. దాని పేరు స్యూ బీర్మన్ పార్కు.

వేసినదానిని తీయుట, తీసినదానిని వేయుట మన ప్రాంతమునకు తెలియనిది కాదు. కాకినాడనుండి ద్రాక్షారామము మీదుగా కోటిపల్లికి 1928లో రైలుమార్గము వేసిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పట్టాలను ఊడబెరికికొనిపోయిరి. మరల రైలుకూత వినబడుటకు 2004 వరకు పట్టినది. ఒక తరము వారు రైలెక్కిరి, రెండవ తరమువారు కట్టమీద నడచిరి, మూడవ తరమువారు టిక్కెట్టు కొనిరి. తీయునపుడు ఎవరిని అడిగిరని ప్రశ్నించుటకు అది యుద్ధకాలము, పరాయి ప్రభుత్వము.

స్వతంత్ర భారతమున సముద్రపుటొడ్డు నగరములో ఇటీవల జరిగిన వాదమొకటి చెప్పెదను. బొంబాయి పడమటి తీరమున సముద్రము వెంట ఎనిమిది వరుసల బాట వేసి, 2024 మార్చిలో మొదటిభాగమును తెరచిరి. వర్లీ కోళివాడ అను బెస్తపల్లె దానికి దాపుననే యున్నది. బాటను సముద్రపు వంతెనతో కలుపు స్తంభముల నడుమ 60 మీటర్ల ఎడము విడుతుమని ప్రణాళికలో నుండెను. అలల పోటులో పడవ ఆ యెడమునుండి క్షేమముగ రాజాలదని బెస్తలు చెప్పిరి. నిపుణులు చాలుననిరి. బెస్తలు పడవలతోనే పోయి పనికి అడ్డుపడిరి. ఏండ్ల తగవు పిమ్మట 2022 చివర ఆ యెడమును 120 మీటర్లకు పెంచుట కొప్పుకొనిరి. వారు కోరినది అంతకంటె ఎక్కువ. అయినను పటములో లేని ఒక సంగతి, గాలివానలో తిరిగివచ్చు పడవ ఎట్లు ఊగునను సంగతి, స్తంభమును కదిలించినది. ఏటిమొగలో పడవ నడపువారికి ఇది ఒకరు చెప్పవలసిన పాఠము కాదు.

నేను బాటలకు విరోధిని కాను. కోటిపల్లిరేవులో పంటుకొరకు ఎండలో కాచుకొన్నవారెవరును కారు. నొప్పులు పడుచున్న ఇల్లాలిని కాకినాడ ఆసుపత్రికి తీసికొనిపోవువానికి బాట దేవుడు. కత్తిపూడినుండి కాకినాడ, యానాము, అమలాపురము, నరసాపురము, మచిలీపట్టణముల మీదుగా ఒంగోలుదాక పోవు 216వ జాతీయ రహదారి ఈ తీరమంతటిని ఒక్కదారమున గ్రుచ్చినది. రాకపోకలు పెరిగినకొలది ఊళ్లను తప్పించి ప్రక్కబాటలు వేయుదురు, వేయవలసినదే. ప్రశ్న బాట కావలెనా వలదా యని కాదు. గీత గీయునపుడు ఎవరిమాట పటములోనికి ఎక్కుననునది.

మన డెల్టాలో నేల అరచేయివలె సమము. పంటకాలువ మెరకమీద పోవును, మురుగుకాలువ పల్లమున పోవును. తుపాను వానకు చేలలో నిలిచిన నీరు అంగుళము అంగుళముగ ఏ పల్లమునకు జారి ఏ మురుగున కలియునో ఆ చేని రైతునకు తండ్రి చెప్పియుండును, అతని తండ్రికి తాత చెప్పియుండును. ఎత్తుకట్టమీద బాట వేయునపుడు తూము పదిగజములు ప్రక్కకు పడినచో నూరెకరముల వరి కుళ్లిపోవును. ఈ సంగతి ఉపగ్రహపు చిత్రములో ఎండకాలమున కనబడదు.

మన చట్టమేమనుచున్నది? జాతీయ రహదారుల చట్టము కూడ 1956 నాటిదే; విచిత్రముగ అమెరికా చట్టమునకు తోడబుట్టినది. 1997లో చేసిన సవరణతో భూమిని తీసికొను పద్ధతి అందులో చేరినది. ఆ పద్ధతి యిది. ఫలాని భూమిని తీసికొనదలచితిమని కేంద్రప్రభుత్వము గెజెట్‌లో నోటిఫికేషన్ వేయును. దాని సారాంశమును రెండు స్థానిక పత్రికలలో ప్రకటింపవలెను, అందొకటి ప్రాంతీయభాషలో నుండవలెను. భూమితో సంబంధమున్నవారు ఆ నోటిఫికేషన్ వెలువడిన దినమునుండి 21 దినములలో అభ్యంతరము చెప్పుకొనవచ్చును. అధికారి వినవలెను. విని అతడిచ్చిన ఉత్తరువు తుదిది. మరియొక ప్రకటనతో భూమి ప్రభుత్వపరమగును. 2013లో వచ్చిన భూసేకరణ చట్టము భూమి తీసికొనుటవలన గ్రామమునకు కలుగు మంచిచెడ్డలను ముందుగా విచారించి గ్రామస్థుల మాట వినవలెనని చెప్పినది గాని, రహదారుల చట్టమును ఆ విచారణనుండి తప్పించినది. నష్టపరిహారపు లెక్కలు మాత్రము దీనికి వర్తింపజేసిరి. కావున మిగిలినవి ఆ మూడు వారములే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తెలుగుపత్రికలో అట్టి ప్రకటన వచ్చిననాడు దానిని కత్తిరించి తరగతికి తీసికొనిపొండు. చిన్న అక్షరములలో, టెండరు ప్రకటనల సరసన, నిండు పేజీగా పడును. పెద్దలు చూచికూడ త్రిప్పివేయుదురు. వరుసగా గ్రామము పేరు, సర్వే నంబరు, భూమి స్వభావము, విస్తీర్ణము హెక్టార్లలో. పిల్లలలో ఎవరో ఒకరి యింటిపొలము అందులో నుండవచ్చును. ఆ నంబరు ఏ చేను, దాని గట్టున ఏ చెట్టున్నది, వాననీరు ఏ మూలనుండి పోవును అని వారిని అడిగి నల్లబల్లమీద పటము వ్రాయింపుడు. తెలియనివాడు సాయంకాలము ఇంటికి పోయి తాత నడిగి మరునాడు చెప్పును. అప్పటికి గడువులో ఇంకను కొన్ని దినములు మిగిలియుండవచ్చును.